పూర్వ విద్యార్థితో అడ్మిషన్ ఇంటర్వ్యూ: మెయిల్ వచ్చిన రోజు నుంచి థాంక్యూ చెప్పేదాకా

అమెరికా యూనివర్సిటీకి అప్లికేషన్ పెట్టాక, నవంబర్‌లోనో జనవరిలోనో ఒక మెయిల్ వస్తుంది. పంపినవారు యూనివర్సిటీ ఉద్యోగి కాదు. అక్కడ చదువుకుని ఇప్పుడు బెంగళూరులో ఏ వైట్‌ఫీల్డ్ ఆఫీసులోనో పనిచేసుకుంటున్న పూర్వ విద్యార్థి. జీతం తీసుకోకుండా, తన ఆదివారంలోంచి ఓ గంట తీసి మీతో మాట్లాడతానని రాస్తారు.

ఆ మెయిల్ చూడగానే కొన్ని ఇళ్లలో దీన్ని వైవా అనుకుని ఫిజిక్స్ పుస్తకం తెరిపిస్తారు. ఇంకొన్ని ఇళ్లలో "ఊరికే మాట్లాడటమే కదా" అని వదిలేస్తారు. రెండూ తప్పే. మీతో మాట్లాడిన మనిషి ఆ రాత్రో మర్నాడో కూర్చుని యూనివర్సిటీకి ఓ రిపోర్టు రాయాలి. "చురుకైన విద్యార్థి, మంచి నడవడిక" అని రాస్తే అది ఎవరికీ ఉపయోగపడదు. రాయడానికి తగ్గ వివరాలు ఆయన చేతికి అందించాలి. కింద చెప్పిన అంకెలు, జాగ్రత్తలు, రిహార్సళ్లు అన్నీ అందుకే.

## 1. ఇది ఏ రకం ఇంటర్వ్యూనో ముందు తేల్చుకోండి

హార్వర్డ్, యేల్, ప్రిన్‌స్టన్, జార్జ్‌టౌన్, ఎంఐటీ లాంటివి పూర్వ విద్యార్థుల చేత మాట్లాడిస్తాయి. ఎంఐటీ వీళ్లని ఎడ్యుకేషనల్ కౌన్సెలర్లు అంటుంది. బ్రౌన్, కొలంబియా ఈ పద్ధతి మానేశాయి. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ఇంటర్వ్యూలు పూర్తిగా వేరు: అక్కడ అడిగేది పాఠం చెప్పే ట్యూటర్లు, అడిగేది సబ్జెక్టు. వాటికి ఈ గైడు పనికిరాదు. పద్ధతులు ఏటా మారుతుంటాయి కాబట్టి మీ యూనివర్సిటీ అడ్మిషన్ల పేజీలో ఇంటర్వ్యూ గురించి రాసింది ఒకసారి పూర్తిగా చదవండి.

మీతో మాట్లాడేవారికి మామూలుగా తెలిసేది మీ పేరు, స్కూలు, ఫోను, మెయిలు. ఒక్కోసారి మీరు చదవాలనుకుంటున్న సబ్జెక్టు. మీ మార్కులు, శాట్ స్కోరు, ఎస్సేలు చాలాచోట్ల వాళ్లకి చూపించరు. అందుకే "అది నా ఎస్సేలో రాశాను కదండీ" అనే మాట అక్కడ చెల్లదు. మొదటినుంచి చెప్పాల్సిందే.

సీటు ఇవ్వాలో వద్దో తేల్చేది వాళ్లు కాదు. ఇంకో సంగతి: ఇంటర్వ్యూ పిలుపు రాకపోతే అప్లికేషన్ పోయినట్టు కాదు. వాలంటీర్లు ఎంతమంది దొరికితే అంతమందికే పిలుపులు వెళ్తాయి. పక్క ఫ్లాట్ అబ్బాయికి వచ్చి మీకు రాలేదని కుంగిపోనక్కర్లేదు.

## 2. మెయిల్‌కి జవాబు: 24 గంటల్లోపు

అప్లికేషన్ పంపిన రోజు నుంచి స్పామ్ ఫోల్డర్ రోజూ చూడండి. వాలంటీర్లు సొంత జీమెయిల్ నుంచి కూడా రాస్తారు, అవి తిన్నగా స్పామ్‌లో పడటం మామూలే.

మెయిల్ నిజమైందో కాదో తేల్చుకోవడానికి అప్లికేషన్ పోర్టల్ చూడండి. ఇంటర్వ్యూ సంగతి కొన్ని యూనివర్సిటీలు అక్కడే తెలియజేస్తాయి. అనుమానంగా ఉంటే యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో ఉన్న అడ్రస్‌కి రాసి అడగండి, వచ్చిన మెయిల్‌లోని లింకు నొక్కి కాదు. ఈ ఇంటర్వ్యూకి ఫీజు ఉండదు. ఎవరైనా డబ్బులడిగితే అది మోసమే.

జవాబు నాలుగైదు వాక్యాలు చాలు: సమయం ఇచ్చినందుకు కృతజ్ఞత, వాళ్లిచ్చిన సమయాల్లో మీకు కుదిరేది, మీ ఫోన్ నంబర్, కలిసేది వీడియోలోనా నేరుగానా అన్నది. అంతే. రెజ్యూమె అడగకుండా జతచేయకండి. కొన్ని యూనివర్సిటీలు దాన్ని తీసుకోవద్దని వాలంటీర్లకి చెబుతాయి.

ఈ ఉత్తరంలోనే తప్పులు జరిగే చోట్లు నాలుగున్నాయి.

పేరు. మన ఇంటిపేరు ముందుంటుంది, పాస్‌పోర్టులో వెనక్కి పోతుంది, టెన్త్ మెమోలో ఒక్క అక్షరంగా మిగులుతుంది. అప్లికేషన్‌లో ఏ పేరుందో అదే పేరుతో మెయిల్ రాయండి. అవతలి మనిషి ఇంటిపేరుతోనే పిలిచేసే ప్రమాదం ఉంది కాబట్టి "నన్ను ఫలానా పేరుతో పిలవండి" అని సంతకం దగ్గర ఒక ముక్క చేర్చండి.

తేదీ. 12/3 అంటే మనకి మార్చి 12, అమెరికా వాళ్లకి డిసెంబర్ 3. నెల పేరు అక్షరాల్లో రాయండి, సోమవారమో మంగళవారమో అదీ రాయండి.

గడియారం. బెంగళూరులో వాలంటీరు దొరక్కపోతే అమెరికాలో ఉన్నవారు వీడియోలో మాట్లాడతారు. న్యూయార్క్ మనకంటే చలికాలంలో పదిన్నర గంటలు, ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు వెనక. ఈ మార్పు నవంబర్ మొదటి ఆదివారం జరుగుతుంది, సరిగ్గా తొలి విడత (ముందుగా అప్లై చేసినవాళ్ల) ఇంటర్వ్యూలు మొదలయ్యే రోజుల్లోనే. అక్కడ డిసెంబర్‌లో రాత్రి 8 అంటే మనకి మర్నాడు పొద్దున 6:30. అక్టోబర్‌లో అయితే 5:30. ఐఎస్‌టీ అనే మూడక్షరాలు వేరే దేశాల టైముకీ వాడతారు కాబట్టి "ఇండియా టైమ్" అని విడమర్చి రాయండి. రెండు ఊళ్ల టైమూ పక్కపక్కన ఇస్తే ఇంకా మేలు.

పరీక్షలు. జనవరి, ఫిబ్రవరి నెలల్లో ప్రాక్టికల్స్, ప్రిపరేటరీ పరీక్షలు, జేఈఈ మెయిన్ మొదటి విడత అన్నీ ఒకదాని మీద ఒకటి పడతాయి. కుదరని రోజుకి మొహమాటపడి ఒప్పుకుని ముందురోజు రాత్రి వాయిదా అడగడం అన్నిటికన్నా చెడ్డ పని. మొదటి జవాబులోనే "ఆ రోజు నాకు బోర్డు ప్రాక్టికల్ ఉంది" అని చెప్పి, మీరే మూడు వేరే సమయాలు ఇవ్వండి. ఎవరూ తప్పుపట్టరు.

ఉత్తరం రాయాల్సింది విద్యార్థే. నాన్నగారి మెయిల్ నుంచి "మా అమ్మాయికి శనివారం వీలవుతుంది" అని వెళ్లిందంటే మొదటి అభిప్రాయం అక్కడే తయారవుతుంది.

## 3. ఒక కాగితం, ఐదు సంగతులు

తయారీలో సగం కాలం దీనికే పోవాలి. పది రోజులు దొరికితే మొదటి ఐదు రోజులు. అంత వ్యవధి లేకపోతే మిగతావి తగ్గించుకోండి, దీన్ని తగ్గించకండి.

ఒక ఏ4 కాగితాన్ని ఐదు గళ్లు చేయండి. ఒక్కో గడిలో ఒక్కో సంగతి:

- సిలబస్‌లో లేకపోయినా మీరే తవ్వి తెలుసుకున్న విషయం
- ఇంట్లో, వీధిలో, అపార్ట్‌మెంట్‌లో మీ మీద ఉన్న బాధ్యత
- నలుగురితో కలిసి చేసిన పని, అందులో వచ్చిన గొడవ
- మీరు పొరబడిన లేదా చేతగాక వదిలేసిన పని
- ఏ సర్టిఫికెట్టూ రాకపోయినా గంటలు గంటలు గడిపే పని

ఒక్కో సంగతి కింద ఐదు చిన్న లైన్లు: ఎప్పుడు, ఎక్కడ, నేను చేసింది ఏమిటి, ఎక్కడ అడ్డుపడింది, ఇప్పుడైతే ఎలా చేస్తాను. పూర్తి వాక్యాలు రాయకండి, రాస్తే బట్టీ పడతారు. అంకెలు, పేర్లు, వస్తువులు మాత్రమే.

తేడా ఎలా ఉంటుందో చూడండి. బలహీనమైన జవాబు: "మా అపార్ట్‌మెంట్‌లో నీటి పొదుపు మీద అవగాహన కార్యక్రమం చేశాం. నాయకత్వ లక్షణాలు నేర్చుకున్నాను."

అదే విద్యార్థి ఇలా చెప్పొచ్చు: "2024 వేసవిలో మా బోర్లు ఎండిపోయాయి. సెక్యూరిటీ రిజిస్టర్ పక్కన నా నోటుబుక్ పెట్టి ఎనిమిది వారాలు ట్యాంకర్లు లెక్కపెట్టాను. బిల్లులో 12,000 లీటర్లు, సంపులో మట్టం పెరిగిన లెక్క చూస్తే అంతకంటే తక్కువ. ట్యాంకర్ వాళ్లు మోసం చేస్తున్నారని అసోసియేషన్ మీటింగ్‌లో చెప్పేశాను. తర్వాత తెలిసింది, నీళ్లు దించుతున్నంతసేపూ పైన ట్యాంకుకి మోటార్ నడుస్తోందని. మోటార్ ఆపించి మళ్లీ కొలిచాను. తేడా చాలావరకు పోయింది. వెళ్లి డ్రైవర్‌కి సారీ చెప్పాను."

రెండో జవాబు విన్న మనిషి రాత్రి కూర్చుని ఏం రాస్తారో ఊహించండి. సొంతంగా కొలిచింది, తొందరపడి నింద వేసింది, తన కొలతనే అనుమానించింది, తప్పు ఒప్పుకుంది. ఒక్క విశేషణం వాడకుండా నాలుగు వాక్యాలు. మొదటి జవాబు నుంచి ఆయనకి దక్కేది "నాయకత్వ లక్షణాలు" అన్న మీ మాటే, దాన్ని ఆయన ఎలాగూ నమ్మరు.

ఇంటి పనుల గడిని మన పిల్లలు ఖాళీగా వదిలేస్తారు. నానమ్మ షుగర్ టాబ్లెట్ల లెక్క చూడటం, నాన్న షాపులో జీఎస్టీ బిల్లులు కంప్యూటర్‌లో ఎక్కించడం, తమ్ముడిని రోజూ స్కూల్ వ్యాన్ ఎక్కించడం "యాక్టివిటీ" కాదని వాళ్ల నమ్మకం. నిజానికి ఇలాంటివే వివరంగా, తడుముకోకుండా చెప్పగలరు.

"రెండేళ్లుగా కోచింగ్ తప్ప ఇంకేం చేయలేదు" అనేవాళ్లకి: కోచింగ్ లోపలే వెతకండి. మూడు రోజులు తేలని ఒక లెక్క, అది చివరికి ఎలా తేలింది. పీజీ హాస్టల్‌లో రూమ్మేట్‌కి కెమిస్ట్రీ చెప్పబోయి మీకే సరిగా రాదని తెలిసిన రోజు. ర్యాంకు చెప్పకండి, ఆ లెక్క చెప్పండి. కాగితం పెన్ను తీసి ఎదుటివారికి వివరించగలిగితే అదే మంచి ఐదు నిమిషాలు.

చెక్‌లిస్టు:

- ప్రతి గడిలో కనీసం రెండు అంకెలు ఉన్నాయా?
- "నేను" చేసినదీ "మేం" చేసినదీ విడిగా ఉన్నాయా?
- అప్లికేషన్‌లో రాసిన గంటలు, తేదీలతో ఇవి సరిపోతున్నాయా?
- ఒక్కటైనా మీకు కాస్త సిగ్గుగా అనిపించే సంగతి ఉందా? లేకపోతే కాగితం మరీ ఇస్త్రీ చేసినట్టుంది, మళ్లీ రాయండి.

## 4. "మా యూనివర్సిటీయే ఎందుకు?"

ఇది తప్పకుండా అడుగుతారు. మన దగ్గర వచ్చే జవాబు కూడా తప్పకుండా ఒకటే: మంచి ర్యాంకు, ప్రపంచ స్థాయి ఫ్యాకల్టీ, ప్లేస్‌మెంట్లు. ప్లేస్‌మెంట్ మాట అసలు ఎత్తకండి. అది మన ఇంజినీరింగ్ కాలేజీల లెక్క.

మీ జవాబు రాసుకుని, అందులో యూనివర్సిటీ పేరు తీసి ఇంకో పేరు పెట్టి చూడండి. వాక్యం చెక్కుచెదరకుండా నిలబడితే అది పనికిరాని వాక్యం.

పనికొచ్చే జవాబుకి మూడు ముక్కలు కావాలి: అక్కడ మాత్రమే ఉన్న ఒక ఏర్పాటు, దానికి తగిలే మీ సంగతి ఒకటి, వెళ్లిన మొదటి ఏడాది దాంతో మీరు చేయాలనుకునేది. ప్రిన్‌స్టన్‌లో దాదాపు అందరూ చివరి ఏడాది సొంత పరిశోధన మీద థీసిస్ రాయాలి. ఎంఐటీలో డిగ్రీ విద్యార్థులు ప్రొఫెసర్ల ల్యాబుల్లో పనిచేసే యూఆర్ఓపీ అనే పథకం 1969 నుంచి ఉంది. యేల్‌లో 14 రెసిడెన్షియల్ కాలేజీలున్నాయి, చేరిన ప్రతి ఒక్కరూ వాటిలో ఒకదానికి చెందుతారు. ఇలాంటిది ఒకటి తీసుకుని మీ కాగితంలోని ఒక గడికి ముడిపెట్టండి. ట్యాంకర్లు లెక్కపెట్టిన అమ్మాయి అయితే "నీటి సరఫరా మీద పనిచేసే ఏ ల్యాబులో మొదటి సెమిస్టర్ నుంచే చేరొచ్చో చూశాను" అనాలి, నిజంగా చూసి ఉండాలి. ఆ ల్యాబు చేసే పని ఏమిటని వెంటనే అడుగుతారు.

మూడు ఏర్పాట్లు చాలు. వెబ్‌సైట్ మొత్తం అప్పజెప్పడం మొదలుపెడితే ఎదుటి మనిషికి తను చదివిన చోటునే మీరు బ్రోషర్‌లా చదివి వినిపిస్తున్నట్టుంటుంది.

## 5. ఇంగ్లిష్: యాస కాదు, వేగం

తెలుగు యాస అడ్డం కాదు. దాన్ని దాచడానికి యూట్యూబ్ చూసి అరువు తెచ్చుకున్న యాస అడ్డం. అసలు ఇబ్బంది వేగంతో వస్తుంది. కంగారులో మనం పరుగెత్తుతాం, వాక్యాల చివర మింగేస్తాం. నిమిషానికి 130 మాటల దగ్గర ఆపుకోవడం అలవాటు చేసుకోండి. ఒక పేరా చదివి ఫోన్‌లో టైమర్ పెట్టి కొలిస్తే తెలిసిపోతుంది.

మార్చుకోవాల్సిన అలవాట్లు కొన్ని:

- తెలుగులో వినయంగా "మేం చేశాం" అంటాం, ఇంగ్లిష్‌లోనూ "వి" అని వస్తుంది. వినేవారికి మీ వంతు ఎంతో తెలియదు. టీమ్ చేసినప్పుడు "వి", మీరు చేసినప్పుడు "ఐ".
- "పాసవుట్ అయ్యాను" అంటే అమెరికా మనిషికి స్పృహ తప్పి పడిపోయారని. "గ్రాడ్యుయేట్" అనండి.
- "డౌట్ ఉంది" బదులు "క్వశ్చన్ ఉంది".
- "సెకండ్ పీయూసీ" కర్ణాటక బయటి మనిషికి అర్థం కాదు. "ట్వెల్త్ గ్రేడ్" అని ఒకసారి చెప్పి ముందుకు పోండి. లక్షలు, కోట్లు కూడా అంతే.
- ప్రతి వాక్యానికీ "సర్" తగిలించకండి. మొదట మిస్టర్ లేదా మిజ్ అని ఇంటిపేరుతో పిలిచి, వాళ్లు పేరుతో పిలవమంటే అలాగే పిలవండి. "అంకుల్", "ఆంటీ" వద్దు.

ఎదుటివారు తెలుగువాళ్లే కావచ్చు, బెంగళూరులో అదేం వింత కాదు. వాళ్లు తెలుగులో పలకరిస్తే తెలుగులోనే జవాబివ్వండి. కానీ మీ అంతట మీరు మార్చకండి. రిపోర్టు రాసేది ఇంగ్లిష్‌లో, మీరు ఇంగ్లిష్‌లో ఎలా మాట్లాడతారన్నదీ అందులో రావచ్చు.

## 6. మూడు రిహార్సళ్లు, అంతకు మించి వద్దు

మొదటిది ఒంటరిగా. కాగితం బోర్లా పెట్టి, ఒక్కో సంగతి గురించి 60 నుంచి 90 సెకన్లు మాట్లాడి ఫోన్‌లో రికార్డ్ చేయండి. విన్నాక ఒకటే చూసుకోండి: మొదటి అంకె లేదా వస్తువు ఎన్నో సెకనుకి వచ్చింది? 20 సెకన్లు దాటితే ఉపోద్ఘాతం కోసేయండి.

రెండోది మీ కథలు తెలియని పెద్దవాళ్లతో. పక్కింటి ఇంజినీరు, అక్క స్నేహితురాలు, ఎవరైనా. అమ్మానాన్నలతో ఇది కుదరదు, మీరు వదిలేసిన వివరాలు వాళ్లకి ముందే తెలుసు కాబట్టి జవాబులో ఖాళీలు వాళ్లకి కనపడవు. 30 నిమిషాల తర్వాత వాళ్లని ఒక పని అడగండి: మీ గురించి గుర్తున్నది ఐదు లైన్లు రాసివ్వమనండి. అదే మీ నమూనా రిపోర్టు. అందులో వివరాలుంటే సరే, "బాగా మాట్లాడాడు" అని ఉంటే మూడో భాగంలోని ఐదు గళ్ల కాగితం దగ్గరికి వెనక్కి వెళ్లండి.

మూడోది నిజమైన ఏర్పాటుతో: అదే లాప్‌టాప్, అదే కుర్చీ, అదే టైము.

నాలుగో రిహార్సల్ నుంచి జవాబులు ఎండిపోతాయి. ఏఐతో రాయించుకున్న జవాబులు తెర పక్కన పెట్టుకుని చదివేవాళ్లకి ఒక మాట: కళ్లు ఎడమ నుంచి కుడికి కదలడం కెమెరాలో స్పష్టంగా తెలుస్తుంది.

## 7. వీడియోలో అయితే

ఇప్పుడు చాలా ఇంటర్వ్యూలు జూమ్‌లోనో గూగుల్ మీట్‌లోనో జరుగుతాయి. ముందురోజు సాయంత్రం చూసుకోవాల్సినవి:

- తెర మీద కనిపించే పేరు. నాన్న అకౌంట్‌తో లాగిన్ అయి, ఆయన పేరుతో, కులుమనాలీ ఫొటోతో కాల్‌లోకి వెళ్లడం తరచూ జరిగే తప్పు.
- లాప్‌టాప్ కింద నాలుగైదు లావు పుస్తకాలు. కెమెరా కళ్ల ఎత్తులో ఉండాలి, సీలింగ్ ఫ్యాన్ కనిపించకూడదు.
- కిటికీ మీ ముఖానికి ఎదురుగా. వీపు వెనక ఉంటే నీడబొమ్మలా కనిపిస్తారు.
- వైరున్న ఇయర్‌ఫోన్స్. బ్లూటూత్‌వి అయితే నిండా ఛార్జ్.
- సన్న గళ్ల చొక్కా కెమెరాలో మిలమిల్లాడుతుంది. ఒకే రంగు చొక్కా లేదా కుర్తా. టై, స్కూల్ బ్లేజర్ అక్కర్లేదు.
- రౌటర్‌కి చిన్న యూపీఎస్. బెస్కామ్ (బెంగళూరు విద్యుత్ సంస్థ) కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం. అపార్ట్‌మెంట్ జెనరేటర్ అందుకునే ఆ పది సెకన్లలోనే రౌటర్ ఆగి మళ్లీ మొదలవడానికి రెండు నిమిషాలు తీసుకుంటుంది.
- ఇంట్లో వైఫై ఏ కంపెనీదో, హాట్‌స్పాట్ సిమ్ వేరే కంపెనీది. కనీసం 2 జీబీ డేటా మిగిలి ఉండాలి.

ఇంట్లోవాళ్లకి కూడా పని ఉంది. కుక్కర్ విజిల్, మిక్సీ, ఇంటర్‌కమ్, పనమ్మాయి కాలింగ్ బెల్, పైఫ్లాట్‌లో డ్రిల్లింగ్. మిగతావి ఆపగలరు, డ్రిల్లింగ్ గురించి సెక్యూరిటీకి ముందే చెప్పి అడగాలి. గదిలో తెర వెనక అమ్మ కూర్చుని సైగలు చేయకూడదు. మీ చూపు అటు పోతూనే ఉంటుంది.

ఉచిత జూమ్ అకౌంట్‌లో 40 నిమిషాలకి కాల్ తెగిపోతుంది. అలా తెగితే ఇంటర్వ్యూ అయిపోయినట్టు కాదు, అదే లింకుతో మళ్లీ చేరండి. నెట్ పోతే వెంటనే ఫోన్‌కి మారండి. రెండు నిమిషాల్లో కుదరకపోతే మెసేజ్ పెట్టండి. ఒక్కసారి క్షమాపణ చాలు.

అవతలివారి అనుమతి లేకుండా రికార్డ్ చేయకండి. "తర్వాత చూసుకోవడానికి" అనే కారణం కూడా పనికిరాదు.

## 8. నేరుగా అయితే

బహిరంగ స్థలం మాత్రమే: కేఫ్, లైబ్రరీ, ఆఫీస్ లాబీ. ఎవరైనా ఇంటికి రమ్మంటే, "కేఫ్‌లో కలవొచ్చా, లేదా వీడియోలో మాట్లాడొచ్చా" అని మర్యాదగా అడగండి. ఇందులో మొహమాటం వద్దు.

చోటు ఎంచుకునే అవకాశం మీకిస్తే మెట్రో స్టేషన్‌కి నడక దూరంలో ఉన్నది చెప్పండి. మారతహళ్లి నుంచి కోరమంగళకి ఎంతసేపు పడుతుందో ఏ మ్యాపూ ఖాయంగా చెప్పలేదు. ఇందిరానగర్, ఎంజీ రోడ్ పర్పుల్ లైన్ మీద ఉన్నాయి కాబట్టి వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు నుంచి వచ్చేవాళ్లకి సుళువు. ఎలక్ట్రానిక్ సిటీ వైపు వాళ్లకి 2025 ఆగస్టు నుంచి యెల్లో లైన్ ఉంది, సిల్క్ బోర్డ్ జంక్షన్‌లో ఇరుక్కోనక్కర్లేదు.

వారాంతం పొద్దున 9:30, 10 గంటల ప్రాంతం మంచిది. 11 దాటితే కేఫుల్లో మాట వినపడదు. దర్శిని హోటళ్లలో నిలబడి తినాలి, గంటసేపు మాట్లాడే చోటు కాదు.

పావుగంట ముందు చేరండి. నలభై నిమిషాల ముందు చేరి చెమటలు పట్టించుకోవడం అనవసరం. అమ్మానాన్న తోడు రావొచ్చు, కానీ కూర్చోవాల్సింది వేరే కేఫ్‌లో. వచ్చి పరిచయం చేసుకుని "మావాడు చిన్నప్పటినుంచీ..." అని మొదలుపెడితే ఆ పది నిమిషాలు తిరిగి రావు.

కాఫీ, నీళ్లు చాలు. బిల్లుకి డబ్బులు తీసుకెళ్లండి, మీది మీరు ఇవ్వబోండి. వాళ్లే ఇస్తానంటే థాంక్స్ చెప్పి ఊరుకోండి. మన హోటళ్లలో బిల్లు కోసం జరిగే కుస్తీ అక్కడ వద్దు.

## 9. ఆ గంటలో

మాటలు 30 నుంచి 60 నిమిషాలు సాగుతాయి. "నీ గురించి చెప్పు" అంటే పుట్టిన ఊరు, నాన్న ఉద్యోగం, టెన్త్ శాతం అన్న వరసలో పోకండి. ఇప్పుడు మీ రోజు దేనితో నిండుతోందో చెప్పండి, ఒక నిమిషం. అక్కడినుంచి వాళ్లే పట్టుకుంటారు.

చిక్కులు, వాటికి చేయాల్సినవి:

జవాబు తట్టలేదు. "ఒక్క నిమిషం ఆలోచించుకుంటాను" అని చెప్పి నిజంగా ఆలోచించండి. పది సెకన్ల నిశ్శబ్దం మీకు యుగంలా ఉంటుంది, ఎదుటివారికి కాదు.

ప్రశ్న అర్థం కాలేదు. మళ్లీ అడగమనండి. రెండోసారీ అర్థం కాకపోతే "మీరు అడిగింది ఇదేనా" అని మీ మాటల్లో చెప్పి చూడండి. ఊహించి జవాబివ్వకండి.

వాళ్లే మాట్లాడుతూ పోతున్నారు. కొందరు తమ క్యాంపస్ రోజుల్లోకి వెళ్లిపోతారు. వినండి. ఊపిరి తీసుకున్నప్పుడు "మీరు చెప్పిన ఆ ల్యాబ్ లాంటిదే నేనొకటి..." అని మీ కాగితంలోని సంగతి అందించండి. లేకపోతే ఆ రాత్రి ఆయన దగ్గర తన కథ ఉంటుంది, మీది ఉండదు.

ఇంకా ఎక్కడెక్కడ అప్లై చేశారని అడిగారు. చాలా యూనివర్సిటీలు దీన్ని అడగొద్దంటాయి. "కొన్నిచోట్ల చేశాను, ఇది నాకు చాలా ఇష్టమైనవాటిలో ఒకటి" అంటే సరిపోతుంది. నిజం కాకపోతే "ఇదే నా మొదటి ఎంపిక" అనకండి.

"మీరేవాళ్లు?" ఇంటిపేరు, సొంతూరు మీదుగా ఆ ప్రశ్న ఎక్కడికి పోతుందో తెలుగువాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. కులం, మతం, ఇంటి ఆదాయం ఈ ఇంటర్వ్యూలో అడగాల్సినవి కావు. "దాని గురించి మాట్లాడను, ఏమనుకోకండి" అని మళ్లీ మీ విషయానికి రండి. ఇబ్బంది పెట్టే ప్రవర్తన ఏదైనా సరే, అదే రోజు అడ్మిషన్ ఆఫీసుకి మెయిల్ రాయండి.

చివర్లో "నన్నేమైనా అడుగుతావా?" అంటారు. "ఏమీ లేవు" అనకూడదు. ఫీజు, స్కాలర్‌షిప్, ఎంత శాతం మందికి సీటు వస్తుంది, నాకు వస్తుందా లాంటివీ అడగకూడదు. వాటికి ఆయన దగ్గర జవాబుండదు. ఆయనకే తెలిసినవి అడగండి: మొదటి ఏడాది అనుకున్నదానికి భిన్నంగా తగిలింది ఏమిటి, సబ్జెక్టు మార్చుకున్నారా, ఇండియా తిరిగొచ్చాక అక్కడి చదువులో ఏది ఉపయోగపడింది. వాళ్లు 1998లో బయటికి వచ్చినవాళ్లయితే ఇప్పటి హాస్టల్ భోజనం గురించి అడిగి లాభం లేదు.

## 10. అయ్యాక

బయటికి రాగానే, క్యాబ్ ఎక్కకముందే, మూడు లైన్లు రాసుకోండి: ఏం మాట్లాడారు, ఎక్కడ నవ్వారు, మీరు ఏదైనా తప్పు చెప్పారా. 24 గంటల్లోపు థాంక్యూ మెయిల్ పంపండి. నాలుగు వాక్యాలు, అందులో ఒకటి ఆ మాటల్లోంచి తీసిన నిర్దిష్టమైన సంగతి. అంకె తప్పు చెప్పి ఉంటే ఇక్కడే సరిచేయండి: "ఎనిమిది వారాలు అన్నాను, ఆరే."

మైసూర్ పాక్ డబ్బా, పుస్తకం, పెన్ను, ఏదీ ఇవ్వకండి. బహుమతి ఎంత చిన్నదైనా వాళ్లని ఇరుకున పెడుతుంది. ఫలితాలు వచ్చేదాకా లింక్‌డిన్ రిక్వెస్ట్ వద్దు. రిపోర్టులో ఏం రాశారని అడగడం అసలే వద్దు. అమ్మానాన్నలు ఆ నంబర్‌కి ఫోన్ చేయకూడదు.

చెప్పిన టైముకి వాళ్లే రాకపోతే పావుగంట ఆగి, ఒక మర్యాదైన మెయిల్ పెట్టండి. మూడు రోజులదాకా జవాబు లేకపోతే అడ్మిషన్ ఆఫీసుకి ఆ సంగతి తెలియజేయండి, ఫిర్యాదులా కాకుండా సమాచారంలా.

తొలి విడత ఫలితాలు డిసెంబర్ మధ్యలో, రెండో విడతవి ఎక్కువగా మార్చిలో వస్తాయి. థాంక్యూ మెయిల్‌కి చాలామంది వాలంటీర్లు జవాబు రాయరు. దానికి అర్థాలు వెతకకండి, మళ్లీ రాయకండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో బోర్డు పరీక్షలుంటాయి.